కొండ ఎక్కకముందే గుండు

మే నెల. హైదరాబాద్ నుంచి తిరుమలకు కారులో ప్రయాణం. వారం ముందే హడావుడి: పులిహోర, జంతికలు, పిల్లలకు పవర్ బ్యాంకులు, అత్తయ్యగారికి మెత్తటి దిండు. మరి కారుకో? బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు. అవీ తాజావి, ఆ లోటు రానివ్వం!

చక్రాల కింద నలపడానికి నాలుగు నిమ్మకాయలు ఏరి ఏరి కొన్న పెద్దమనిషిని, ఆ టైర్లు ఏ ఏటివని అడిగితే మొహం చిట్లించాడు. పక్కనే అచ్చేసి ఉంటుంది స్వామీ, నాలుగంకెలు. 1218 అంటే 2018లో పన్నెండో వారం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాలని నిబంధన. ఈయనగారి టైర్లకు గుండు కొండ ఎక్కకముందే అయిపోయింది.

గాలి బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఈయన కర్నూలు దాటాక, నడి మధ్యాహ్నం చూయిస్తాడట. తనకు మినరల్ వాటర్ సీసాలు డజను. కూలెంట్ పోయాల్సిన చోట మాత్రం బోరు నీళ్లు.

స్టెప్నీ ఉందా అంటే, ఉందిట. అందులో గాలి ఉందో లేదో చూడాలంటే మాత్రం ముందు పులిహోర గిన్నె దించాలి.