రెండు నిమిషాల డాక్టరు: వాడే విధానం

ముందు లెక్క తేల్చుకుందాం. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అని సర్కారు కొలత. పొద్దుటి ఓపీ మూడు గంటలనుకుని, వరసలో వంద మంది ఉంటే తలకు రెండు నిమిషాలు కూడా రావు. అందులోనే బీపీ చూడాలి, చీటీ రాయాలి, ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, మధ్యలో కుక్క కరిచిన పిల్లోణ్ణి లోపలికి పిలవాలి. 67 దేశాల వివరాలు పోగేసి 2017లో బీఎంజే ఓపెన్ వైద్య పత్రిక వేసిన పరిశీలనలోనూ మన వాటా ఇంచుమించు ఆ రెండు నిమిషాలే. స్వీడన్‌లో 22 నిమిషాల పైచిలుకు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. ఉన్న ఈ కాస్తనీ ఎట్లా ఖర్చు పెట్టాలో పులికాట్ ఒడ్డు వాళ్లం బాగా సాధన చేశాం. చిత్తగించండి.

కథ మొదట్నుంచీ చెప్పండి. "ఏమైందమ్మా?" అనగానే "కడుపునొప్పి సార్" అనేస్తే పని తెమిలిపోతుంది. అట్లా అనకూడదు. "మొన్న సూళ్లూరుపేటలో మా తోడికోడలి కూతురి సీమంతం సార్, పోవద్దంటే ఈయన వినలా..." అని అందుకోవాలి. అది శుక్రవారమా శనివారమా అని మొగుణ్ణి అడగాలి. ఆయన "శనివారమే, రొయ్యలు తెచ్చింది ఆ రోజే గదా" అనాలి. రొయ్యల సంగతి తేలేలోపు డాక్టరు గ్యాసు బిళ్ళ రాసేసి ఉంటాడు. రోగి చెప్పడం మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డం పడుతున్నారని 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు తేల్చారు. 18 సెకన్లలో మా సీమంతం బస్టాండు కూడా దాటదు.

నిజం చెప్పాలంటే, ఇరకం దీవి ముసలమ్మకు ఆ రెండు నిమిషాల ఖరీదు ఒక పూట. భీములవారిపాలెం రేవు దాకా పడవ, ఎండాకాలం నీళ్లు తగ్గితే బురదలో తిప్పలు, ఆటో, ఆపైన చీటీ కోసం వరస. ఇంత పాటు పడి వచ్చి, ఒక్క ముక్క చెప్పి లేవడానికి మనసెట్లా ఒప్పుతుంది? కొడుకు శ్రీసిటీలో షిఫ్టు, కోడలికి పిల్లల గొడవ. స్టూలు మీద కూర్చోబెట్టి, ఏమైందమ్మా అని అడిగే మనిషి ఆ నెలకంతా డాక్టరొక్కడే. ఆయనకేమో వెనకాల తొంభై మంది. ఇద్దరిలో తప్పెవరిదని తేల్చడం నా వల్ల కాదు.

అసలు జబ్బు గుమ్మం దగ్గర చెప్పండి. చీటీ చేతికొచ్చి, తర్వాతి మనిషి లోపల కాలు పెట్టాక వెనక్కి తిరిగి, "అన్నట్టు సార్, అప్పుడప్పుడూ ఎడమపక్క ఎదలో పట్టేసినట్టు ఉంటాది" అనాలి.

పాత చీటీలు బీరువాలో భద్రంగా ఉంచి రండి. వాడే మాత్ర పేరడిగితే "తెల్లగా, గుండ్రంగా, నడిమధ్య గీత" చాలు.

ఆర్‌ఎంపీ నిన్న వేసిన సూది సంగతి ఎత్తొద్దు. తిడతారు.

షుగరు మాత్ర రోజూ వేసుకుంటున్నారా అంటే "ఆఁ" అనండి. పండగ నాడు దానికి సెలవిచ్చిన సంగతి మనకూ పాయసానికీ మధ్య వ్యవహారం.

తోడొచ్చినామె ఊరికే నిలబడకూడదు. "ఎట్లాగూ వచ్చా గదా, నాకూ బీపీ చూడండి సార్" అని చెయ్యి చాపాలి.

పరీక్షలు రాస్తే గొణగొద్దు. రెండు నిమిషాల్లో వినలేకపోయింది స్కానింగులో చూస్తారు. బిల్లు మనది.

చివరికి బయటికొచ్చి, "చెయ్యి పెట్టి కూడా చూళ్లా" అని వరసలో వాళ్లకు చెప్పండి. సీమంతం నుంచి మొదలెట్టినా పరవాలేదు. అక్కడ ఎవరికీ తొందర లేదు, అయితే మీరు రొయ్యల దాకా వచ్చేసరికి పక్కామె తన మోకాళ్ల కథ ఎత్తుకుంటుంది.