రష్యా నుంచి వచ్చింది నేను, ఆ కొంగలు కావు

ఇప్పుడు నేను టెక్కలిలో ఒక పాత సామాన్ల కొట్టులో, తుప్పు పట్టిన సైకిల్ చైన్ల పక్కన మేకుకి వేలాడుతున్నాను. మాస్టారు నన్ను దుర్భిణి అనేవారు. ఆయన కొడుకు బైనాక్యులర్ అనేవాడు. కొట్టతను ఏ పేరూ పెట్టలేదు. తక్కెట్లో వేసి, "అద్దాలు తీసేస్తే ఇంకా తగ్గిపోద్ది" అన్నాడు.

నేను పుట్టింది మాస్కో దగ్గరి జగోర్స్క్ ఊళ్లో. దూరాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించి చూపించే 8×30 రకం. ముందు అద్దాలు ముప్పై మిల్లీమీటర్ల వెడల్పు. లోపల తలకిందులైన బొమ్మను తిప్పి నిలబెట్టే గాజు పట్టకాలు. నా అద్దాలకు కాస్త పసుపు చాయ ఉంది. అది నా కాలంలో మా దేశపు దుర్భిణులు చాలావాటికి ఉండేదే. విశాఖ ఉక్కు కర్మాగారానికి సాయం చేస్తామని సోవియట్ ప్రభుత్వం 1979లో ఒప్పుకున్నాక అక్కడికి వచ్చిన ఇంజనీర్లలో ఒకాయన పెట్టెలో పడి సముద్రం ఒడ్డుకు చేరాను. 1991లో ఆయన తిరిగి వెళ్తూ నన్ను మాస్టారికి అమ్మేశాడు. ఆ ఏడే జగోర్స్క్ పేరు మారి సెర్గియెవ్ పొసాద్ అయింది. డిసెంబరుకల్లా దేశమే లేకుండా పోయింది. నా ఒంటి మీద చెక్కిన దేశం పేరు మాత్రం అలాగే మిగిలింది.

మాస్టారు హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. కొన్న రోజునే నా తోలు సంచి మూత లోపల ఒక గీతల కాగితం అంటించారు. ఎడమ పక్క ఏడాది. మధ్యలో తేలుకుంచికి కొంగలు వచ్చిన రోజు. కుడి పక్క తేలినీలాపురానికి గూడబాతులు వచ్చిన రోజు. ఏటా ఆ రెండు గడులూ నింపడమే ఆయనకూ నాకూ ఉన్న ఉద్యోగం.

1996 దసరా సెలవుల్లో స్కూటరు మీద మూడు రోజులు తిరిగాం. నా బతుకులో అంత మంచి మూడు రోజులు మళ్లీ రాలేదు. పాతపట్నం మీదుగా హిరమండలం, అక్కడినించి కొత్తూరు, భామిని, బత్తిలి. ఆ మేర వంశధార ఆంధ్రాకీ ఒరిస్సాకీ మధ్య హద్దు. ఒడ్డున స్కూటరు ఆపి నన్ను కళ్లకు పెట్టుకుంటే, అవతల దర్భపొదల్లో నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపించాయి. నల్లా తెలుపూ లకుముకి ఒకటి గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలిచి, రాయిలా నీళ్లలో పడి, చేపతో లేచి ఒరిస్సా ఒడ్డున వాలింది. మాస్టారు దాని వెంబడే నన్ను తిప్పారు. ఇసుకలో తోక ఊపుతూ పరిగెడుతున్న తెల్ల కాటుకపిట్ట దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. గుప్పెడు కూడా లేని ఆ పిట్ట ఉత్తరాది చలి దేశాల్లో గూడు కట్టుకుని, శీతాకాలానికి ఇక్కడికి దిగుతుంది. పక్కన గేదెలు కాస్తున్న కుర్రాడు దాన్ని చూడనే లేదు. కొంగలుంటే చూపించమన్నాడు.

రెండో రోజు తేలినీలాపురం. ఊరి చింతచెట్ల మీద గూడబాతులు అప్పుడప్పుడే పుల్లలు పేర్చుకుంటున్నాయి. ముక్కు పొడుగునా వరసగా నీలి చుక్కలు, కింద వేలాడే సంచి. పక్క కొమ్మల మీద ఎర్రకాళ్ల కొంగలు. సాయంత్రం నౌపడా ఉప్పుమళ్ల దాకా వెళ్లాం. అక్కడ బురదలో నాలుగడుగులు పరిగెత్తి ఆగే ఉల్లంకి ఒకటి. వీపంతా బంగారు పొడి చల్లినట్టు ఉంది. "ఇదిరా అసలు సైబీరియాది" అన్నారు మాస్టారు, పక్కన ఎవరూ లేకపోయినా. సైబీరియా ఉత్తరపు కొసన, చెట్టన్నది మొలవని మంచు నేల మీద గుడ్లు పెట్టి, వేల కిలోమీటర్లు ఎగిరి మన బురదకు వచ్చే పిట్ట అది. పావురం కన్నా చిన్నది. దాని కోసం ఎవరూ బోర్డు పెట్టలేదు.

మూడో రోజు ఇచ్ఛాపురం దాటి తేలుకుంచి. నేను ఎంత పనిమంతుణ్నో అక్కడ తెలిసింది. ఇళ్ల పెరళ్లలో, చెట్ల నిండా చిల్లముక్కు కొంగలు. కిందంతా రెట్ట, నీచు వాసన. మామూలు కంటికి అవి బూడిద రంగు తెల్లకొంగలు. నాలోంచి చూస్తే, ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు మిగిలే ఉంటుంది, ఆ సందులోంచి ఆకాశం కనిపిస్తుంది. నత్తల్ని తిని బతికే పక్షికి ఆ ముక్కే పనిముట్టు. కింది దవడ కొసను గుల్లలోకి దూర్చి, కండను కోసి, మాంసాన్ని బయటికి లాగుతుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. మాస్టారు ఒక గూట్లో తల్లినీ ఎదిగిన పిల్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒక ముక్కులో సందు ఉంది, ఒకదాంట్లో ఇంకా రాలేదు. ఆయన ఊపిరి నా వెనక అద్దాల మీద ఆవిరై పట్టింది.

పెరడుగల ముసలమ్మ చేట పట్టుకుని వచ్చింది.

"ఏటి బావూ, ఆటికేసి అలా సూస్తన్నావు?"

"ఇవి ఎక్కడినించి వస్తాయమ్మా?"

"సైబీరియాట. పేపరోల్లు రాసినారు. మాయమ్మయితే, పురిటికొచ్చిన మనాడపిల్లలర్రా, రాళ్లు రువ్వకండి, అనీది."

"మీ అమ్మ అన్నదే నిజం" అన్నారు మాస్టారు, నన్ను దించి.

ఆ మాట ఆయన బడిలోనూ, బస్సుల్లోనూ, పెళ్లిళ్లలోనూ ఎన్నిసార్లు చెప్పారో. చలికి తట్టుకోలేక వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. దాని గూడు దాని దేశంలోనే. ఎక్కడ గుడ్డు పెట్టి పిల్లను లేపుతుందో అదే దాని పుట్టిల్లు. చిల్లముక్కు కొంగ సైబీరియా పక్షి కాదు. అది మన దేశంలోనూ, ఇరుగు పొరుగు వెచ్చని దేశాల్లోనూ మాత్రమే ఉండేది. జూన్‌లో తొలకరితో తేలుకుంచికి వచ్చి, పిల్లలు రెక్కలు విప్పాక వానల పంట ఇంటికొచ్చే వేళకు వెళ్లిపోతుంది. గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ అంతే, మన ఉపఖండపువే. చుట్టాలు వెళ్లిపోతే ఎవరికీ బెంగ ఉండదు, సొంత పిల్లలైతే చెట్టు కొట్టడానికి చెయ్యి రాదు. అందుకే మాస్టారికి ఆ ఒక్క మాట మీద అంత పట్టుదల.

ఆ సాయంత్రం బాహుదా ఒడ్డున కూర్చున్నాం. అవతలి వైపు వరిమళ్లలో నత్తలు ఏరుకున్న కొంగలు ఏటి మీదుగా గూళ్లకు మళ్లుతున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రం అయ్యేదాకా బరంపురం, ఇచ్ఛాపురం రెండూ గంజాం జిల్లా ఊళ్లే. తన చిన్నప్పుడు నాన్నకు ఆ రెండు ఊళ్ల మధ్య పడ్డ సరిహద్దు గీత గుర్తుండేది కాదని మాస్టారు చెప్పుకున్నారు.

కాగితం మీద గడులు 2016 దాకా నిండాయి. చివరి మూడేళ్ల అంకెలు వంకరగా ఉన్నాయి. ఆయన చూపు తగ్గిపోయింది. నాలోంచి చూస్తూ, "ఉన్నాయా?" అని పక్కవాళ్లను అడిగేవారు. ఆ తర్వాత ఏడు ఆయన పోయారు.

నన్ను బీరువాలో పాత దుప్పట్ల కింద పెట్టారు. నాకు కావలసింది ఎక్కువేం కాదు. నెలకోసారి గాలి, మెత్తటి గుడ్డ, సంచిలో చిన్న సిలికా జెల్ పొట్లం. సముద్రం దగ్గరి తేమకు అద్దాల మీద బూజు ఎక్కుతుంది, అది గాజునే తినేస్తుంది. ఇది ఆ ఇంట్లో ఎవరికీ తెలియనిది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు ఇంటి పెంకులు లేచిపోయాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేలకు వేలు కూలాయి. బీరువాలోకి నీళ్లు దిగాయి. దుప్పట్లు తీసి ఎండలో వేశారు. నన్ను తియ్యలేదు. ఆ చలికాలమంతా నా ఎడమ గొట్టంలో బూజు సాలెగూడులా అల్లుకుంది.

2021 చివర, ఆ తర్వాతి జనవరిలో, హాల్లో టీవీ చెప్పింది. తేలినీలాపురంలో గూడబాతులు వందకు పైగా చచ్చిపోయాయట, చేపల నించి పట్టిన పురుగులు కారణమట. మాస్టారు ఉంటే తెల్లారకుండా స్కూటరు తీసేవారు. నేను తలుపు వెనక చీకట్లో విన్నాను. ఇంట్లోవాళ్లు ఛానెల్ మార్చారు.

తర్వాత మనవడికి ఆటకిచ్చారు. తిరగేసి చూస్తూ అన్నీ చిన్నవైపోతున్నాయని నవ్వేవాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఎటు చూడాలో వాడికి ఎవరూ చూపించలేదు. మేడ మెట్ల మీంచి జారి పడ్డప్పుడు నా లోపలి పట్టకం కదిలింది. అప్పటినించి ఒక కొంగ రెండుగా కనిపిస్తుంది. పనికిరాదన్నారు. నన్ను పాత ఫ్యానుతో కలిపి బండివాడికి వేశారు.

కుడి గొట్టం ఇంకా బాగానే ఉంది. ఒక కన్ను మూసుకుని చూస్తే చిల్లముక్కు సందులో ఆకాశం ఇప్పటికీ కనిపిస్తుంది.

తోలు సంచిని కొట్టతను వేరే తూకానికి పక్కన పెట్టాడు. మూత తెరిచే ఉంది. కాగితం ఒక మూల ఊడి ఫ్యాను గాలికి లేస్తోంది. 2016 కింద ఇంకా ఏడు వరసలు ఖాళీగా ఉన్నాయి. బయట తొలకరి చినుకులు పడుతున్నాయి, తేలుకుంచిలో ఈపాటికి దిగే ఉంటాయి.