చదవకపోయినా రావచ్చు

మా గేటెడ్ కమ్యూనిటీ పుస్తక క్లబ్బు నియమావళిలో మొదటి నియమం: పుస్తకం చదవకపోయినా సమావేశానికి రావచ్చు. మిగతా నియమాలన్నీ టిఫిన్ల గురించి.

క్లబ్బుకు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉన్నారు. అల్పాహార ఉపసంఘం కూడా ఉంది, నిజంగా పనిచేసేది అదొక్కటే. క్లబ్‌హౌస్ గోడకు 'నగరంలో పఠన సంస్కృతికి శ్రీకారం' అని ఫ్లెక్సీ కట్టారు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నుంచీ ఉంది. పాపం, వాళ్ళకు ఫ్లెక్సీ ఆలోచన తట్టినట్టు లేదు.

పుస్తకం ఎంపిక వాట్సాప్ పోల్‌తో. చదివేవాడికీ ఒకే ఓటు, చదవనివాడికీ ఒకే ఓటు. మెజారిటీ ఎవరిదో చెప్పక్కర్లేదు. 'వేయిపడగలు' అనగానే ఎన్ని పేజీలని అడిగారు, చెప్పాక మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' అంటే పెద్దవాళ్ళు ససేమిరా అన్నారు. జూబ్లీహిల్స్‌లో శ్మశానవాటిక పేరూ అదేనాయె, ఆదివారం పూట ఆ మాటలేమిటని కసిరారు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో నెగెటివ్ ఎనర్జీ ఉందని యోగా క్లాసు ఆవిడ అట్ట చూసే తేల్చేశారు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'కి మాత్రం కోశాధికారి గారు ఉత్సాహంగా చెయ్యెత్తారు. రిటైర్మెంటు పొదుపు మీద మంచి పుస్తకం కోసం చాన్నాళ్ళుగా వెతుకుతున్నారట. సంగతి తెలిశాక చెయ్యి దించారు. చలం 'మైదానం' చిన్నదే, పేజీల పరీక్ష నెగ్గింది. క్లబ్‌హౌస్ పక్కనే పిల్లల పార్కు ఉందని దాన్నీ ఆపేశారు.

ఆఖరికి గెలిచింది, తెల్లవారుజామున ఐదింటికి లేస్తే జీవితం మారిపోతుందని చెప్పే ఓ ఇంగ్లిష్ పుస్తకం. దాని మీద చర్చ ఆదివారం పదకొండింటికి పెట్టారు. కోరం కుదిరేసరికి పన్నెండయింది.

చర్చ పుస్తకం పేరుతో మొదలై, స్కూలు ఫీజుల మీదుగా వెళ్ళి నీళ్ళ ట్యాంకర్ల దగ్గర ఆగుతుంది. మొత్తం చదివొచ్చిన మనిషిని సభ అనుమానంగా చూస్తుంది. ఆయన నోరు విప్పబోతే "కథ చెప్పేయకండి, మేమింకా చదవాలి" అని నలుగురు అడ్డుపడతారు. అందులో కథే లేదని ఆయన చెప్పినా వినరు. గ్రూప్ ఫొటో మాత్రం ఒక్కసారీ వాయిదా పడలేదు. ఫొటోలో పుస్తకం కనపడాలి కాబట్టి ఉన్న ఒక్క ప్రతీ చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్తుంది. దాన్ని అంతమంది ముట్టుకునేది అప్పుడే.

చదవకపోవడం నేరమని నేననను. ఇంట్లో కూచుని సీరియల్ చూసుకునేవాడి జోలికి నేను పోను. చదవకపోవడానికి రసీదు పుస్తకాలు అచ్చేయించి, చందాలు పోగేసి, దానికి సాహిత్యసేవ అని పేరు పెట్టడంతోనే నా పేచీ. పెదపాలెంలో పాతూరి నాగభూషణం 1935లో పుస్తకాల్ని పడవకెక్కించి కాలువ వెంట ఊళ్ళకు పంపారు. ఆ పడవలో అల్పాహార ఉపసంఘం ఉన్నట్టు ఎవరూ రాయలేదు.

అన్నట్టు, మేమంతా ఇంకో చందా కూడా కడుతున్నాం, తెలియకుండానే. 1960 నాటి చట్టం పుణ్యమా అని ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను పోతుంది. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయం మా వెనక వీధిలోనే ఉంది. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు కుర్చీలు చాలక మెట్ల మీద కూచుంటారు. వచ్చే నెల సమావేశం అక్కడ పెట్టుకుందామా అని ఓ పెద్దాయన మెల్లగా అడిగారు. పార్కింగ్ లేదన్నారొకరు. ఏసీ ఉండదన్నారింకొకరు. కార్యదర్శి గారు మాత్రం అసలు ఇబ్బంది పట్టుకున్నారు:

"అక్కడ మాట్లాడకూడదని బోర్డు ఉంటుందండీ. రెండు గంటలు నోరు మూసుకుని, చుట్టూ పుస్తకాలు పెట్టుకుని మనమేం చేస్తాం?"