ఆఖరి ప్రీసెట్

తణుకులో ఆ స్టూడియో పెట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక తీసిన ప్రతి పెళ్లీ, ప్రతి ఓణీల ఫంక్షనూ అక్కడి హార్డ్ డిస్కుల్లో పదిలంగా ఉన్నాయి. రెండు లక్షల పైచిలుకు ఫొటోలు. చాలాచోట్ల ఆల్బమ్ చేతికిచ్చిన ఏడాదికల్లా డిస్కు ఖాళీ చేసేస్తారు. ఈయన ఒక్కటీ చెరపలేదు. పైగా ఓపిగ్గా క్యాప్షన్లు రాసుకున్నాడు. ‘బుట్ట మోస్తున్న మేనమామ’, ‘అప్పగింతల్లో నాయనమ్మ’. ఆ నాయనమ్మ పోయిన రోజు ఇంట్లోవాళ్లు పరుగున వచ్చి ఫొటో అడిగితే, ఐదు నిమిషాల్లో ప్రింటు తీసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఇలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుండాలి.

ఆయనకు చిక్కల్లా సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. ఫొటోలు దిద్దడానికి మొదట్నుంచీ లైట్‌రూమే వాడుతున్నాడు. ఇప్పుడున్నది ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కున్న లైట్‌రూమ్ 6, 2015లో వచ్చింది. 2017 చివర్లో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తగా కొన్న మిర్రర్‌లెస్ కెమెరా రా ఫైళ్లు అందులో తెరుచుకోవడం లేదు. కొత్త వెర్షన్ కావాలంటే నెలనెలా చందా. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు సెలవు పెట్టి వచ్చింది. “ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ ఉంది నాన్నా, అందులోకి మార్చేద్దాం” అంది. ఆయన పొంగిపోయాడు. ‘మా అమ్మాయి వచ్చింది, అంతా అదే చూసుకుంటోంది’ అని వచ్చిన ప్రతి కస్టమరుకీ చెప్పుకున్నాడు.

స్టూడియో కుర్రాడు ఆమెకు తోడు కూర్చున్నాడు. పనిలో చేరి రెండేళ్లయింది గానీ ఆమెను చూడటం అదే మొదలు. గోడ మీది ఫొటో చూపించి, “అది మీరేనంట కదా అక్కా! నేనెవరో సినిమాలో పాప అనుకున్నా” అన్నాడు. 2010లో ఆమె ఓణీల ఫంక్షన్ ఫొటో అది. ఆమె నవ్వేసి, “చిన్నప్పటిది కదా” అంది.

ఇలా మార్చే పనిలో ఫొటోలు పోవు, పడ్డ కష్టం పోతుంది. లైట్‌రూమ్‌లో ఎంత దిద్దినా అసలు ఫైలు మారదు. దర్జీ గుడ్డ కత్తిరించకుండా కొలతలు మాత్రం పుస్తకంలో రాసుకున్నట్టు, ఎంత వెలుగు, ఏ రంగు ఎంత అన్నది క్యాటలాగ్ అనే ఒక్క ఫైల్లో ఉంటుంది. ఆ కొలతల లెక్క ఇంకో సాఫ్ట్‌వేర్‌కి పూర్తిగా అందదు. క్రాపు, ఎక్స్‌పోజరు లాంటివి కొంతవరకు వస్తాయి. బ్రష్‌తో చేసిన పనితనం రాదు. వచ్చిన రంగైనా అచ్చం అదే రంగు కాదు. స్టార్లు, కీవర్డులు, క్యాప్షన్లు మాత్రం భద్రంగా వెంట వస్తాయి, అదీ ముందుగా ప్రతి రా ఫొటో పక్కన ఎక్స్ఎంపీ ఫైలుగా రాయించుకుంటేనే. ఈ సంగతి తెలియక ఏళ్ల శ్రమ పోగొట్టుకున్నవాళ్లను తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆమెకు తెలుసు. కలెక్షన్లు ఎక్స్ఎంపీలోకి ఎక్కవు కాబట్టి, ఏ పెళ్లి కలెక్షన్‌కి ఆ పెళ్లి పేరు కీవర్డుగా తగిలించింది. దిద్దిన ఫొటోలన్నీ జేపెగ్‌లుగా విడిగా తీసి పెట్టింది. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎస్ నొక్కింది. పని ఎంతయిందో చూపే సన్నటి గీత తెర పైన తెల్లవార్లూ నడిచింది. పొద్దున కొత్త సాఫ్ట్‌వేర్‌లో ‘నాయనమ్మ’ అని కొట్టగానే ఊళ్లోని నాయనమ్మలందరూ వరసగా వచ్చేశారు. తండ్రి కళ్లు తుడుచుకున్నాడు.

ఇక మిగిలినవి ప్రీసెట్లు. ఒక్క నొక్కుతో ఫొటో మొత్తాన్ని దిద్దేందుకు దాచుకున్న సెట్టింగులు. వాటిని నేరుగా తీసుకుపోయే దారి లేదు. ఒక్కోటీ పాతదాంట్లో వేసి, స్లైడర్ల అంకెలు చూసుకుంటూ, కొత్తదాంట్లో దానికి దగ్గరగా స్టైల్ తయారుచేసుకోవాల్సిందే. కుర్రాడు చదువుతున్నాడు, ఆమె చేస్తోంది. మండపం లైటు. మంగళస్నానం. రిసెప్షన్ నైట్. సాయంత్రమైంది.

“ఇంకొక్కటే అక్కా. చిట్టి.”

ఆమె చెయ్యి మౌస్ మీద ఆగింది. “అది దేనికి?”

“అన్నిటికన్నా ముఖ్యం అదే. పెళ్లికూతురు బాగా నల్లగా ఉందనుకోండి, సార్ ఒక్కసారి చూసి ‘దీనికి చిట్టి వెయ్యరా’ అంటారు. దెబ్బకి తెల్లగా వచ్చేస్తారు. ఇది లేకపోతే ఆల్బమ్ పట్టుకెళ్లరక్కా, గొడవలైపోతాయి. మిగతావి పోయినా ఇది పోకుండా చూడండి.”

“అంకెలు చెప్పు.”

“ఎక్స్‌పోజర్ ప్లస్ సున్నా పాయింట్ ఆరు. ఆరెంజ్ లూమినెన్స్ ప్లస్ నలభై ఐదు. ఆరెంజ్ శాచురేషన్ మైనస్ ఇరవై.”

ఆమె ఏదీ మార్చలేదు. ప్రీసెట్లున్న ఫోల్డరు తెరిచి ఆ ఫైలు తేదీ చూసింది. 2010 మే. అందులో అన్నిటికన్నా పాతది అదే.

“చిట్టి అంటే ఎవరో తెలీదు గానీ,” అన్నాడు కుర్రాడు, “పాపం మరీ నలుపై ఉంటుందక్కా. మొదట ఆ అమ్మాయి కోసమే చేసుంటారు సార్.”

ముందు గదిలో ఆఖరి కస్టమరు వెళ్లిపోయినట్టుంది. షట్టరు సగం దించిన చప్పుడు, వెంటనే తండ్రి గొంతు:

“చిట్టీ, అన్నీ వచ్చేశాయామ్మా?”