నాన్నగారి అగ్నిపర్వతానికి ఫస్ట్ ప్రైజ్

ఫిబ్రవరి 28 దగ్గరపడుతోందంటే స్టేషనరీ షాపులకి పండగ. సైన్స్ డే కదా! రెండో తరగతి పిల్లాడి ప్రాజెక్టు కోసం అర్ధరాత్రి దాకా నాన్న థర్మకోల్ కోస్తాడు, అమ్మ రంగులు వేస్తుంది. పిల్లాడు చెయ్యి పెట్టబోతే "ముట్టుకోకు, పాడైపోద్ది!" వాడి వంతు నాలుగు ఇంగ్లీషు ముక్కలు బట్టీపట్టి అప్పజెప్పడం.

ప్రాజెక్టు ఏంటంటారా? అగ్నిపర్వతం, ఇంకేముంటుంది! దేశం మొత్తానికీ ఇప్పటికీ నిప్పులు కక్కేది ఒక్కటే, అదీ అండమాన్ దగ్గర బారెన్ ద్వీపంలో. మన అపార్టుమెంట్లలో మాత్రం ఏటా ఫ్లోరుకొకటి పేలుతుంది. ఆ థర్మకోల్ కొండలో పొంగే వంటసోడాకీ, భూగర్భంలో కరిగిన రాయికీ చుట్టరికం ఎక్కడిదని ఏ జడ్జీ అడగడు. ఆయనింట్లోనూ ఒకటి ఆరుతోంది మరి.

అదే పిల్లాడు మొన్న చొక్కా మీద సాంబారు మరకకి సబ్బు రుద్దాడు. పచ్చటి మరక కళ్లముందే ఎర్రబడింది. పరిగెత్తుకుంటూ వచ్చి "అమ్మా, ఎర్రగా అయిపోయిందేంటే?" అన్నాడు. "కొత్త చొక్కా తగలేసింది కాక మళ్లీ ప్రశ్నలొకటి!" అంటూ వీపు మీద ఒకటి పడింది. పసుపులో సున్నం కలిపి ఎన్ని పెళ్లిళ్లకో పారాణి తీసిన నాయనమ్మ పక్కగదిలోనే ఉంది. ఆ ఎరుపు మీద నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడుతుంది, చూపించడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆవిడకి ఇంగ్లీషు రాదుగా! ఆమ్లం, క్షారం సంగతి ఐఐటీ ఫౌండేషన్ వాళ్లు చెబుతారు లెండి, ఎ, బి, సి, డిల్లో ఒకటి టిక్కు పెట్టమని.

అసలు సైన్స్ డే నాడు మనం దండేసే ఆ శాస్త్రవేత్త రామన్ గారు 1921లో ఓడ ప్రయాణంలో, సముద్రం ఇంత నీలంగా ఎందుకుందని కూర్చున్న మనిషి. మనింట్లో పుట్టుంటే "దాని రంగు దానిది, నీకెందుకురా, హోంవర్క్ చెయ్" అనిపించుకునేవాడు. శాస్త్రీయ దృక్పథం, ఆరా తీసే గుణం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో రాసుకున్నాం. ఇంటి రాజ్యాంగంలో దాని పేరు ఎదురు చెప్పడం.

ఇంతా చేసి, "మావాడు క్లాసులో నోరే విప్పడండీ, సైన్సంటే బొత్తిగా ఇంట్రెస్ట్ లేదు" అని ఫిర్యాదు. దానికీ మందుంది. వీకెండ్ క్యూరియాసిటీ బ్యాచ్. "ఎందుకు?" అని అడగడం నేర్పుతారట, మూడు నెలల ఫీజు ముందే కట్టాలి.