నిన్న బాగానే ఉన్నావుగా!

మందు కనిపెట్టినవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెడతాను, చేతులు లేచిన రోజున. ఆ మందుని రేకులో పెట్టి అంటించిన మహానుభావుడు దొరికితే మాత్రం నాలుగు చివాట్లు పెట్టాలని ఉంది. ఇవి కీళ్లవాతం మాత్రలండీ! వేసుకునేవాళ్లకి బొటనవేలు వంగదు, చూపుడువేలు నిలవదు. అలాంటివాళ్ల మాత్రని వేలితో గట్టిగా నొక్కితే గానీ ఊడిరాని రేకులో దాచాలని ఎవరికి తోచిందో! పోనీ కత్తిరిద్దామంటే కత్తెర పట్టడానికీ ఆ వేళ్లే కావాలి. ఆఖరికి మా మనవడు వచ్చి టకటకా ఆరు మాత్రలూ రాల్చేసి, "ఇంత ఈజీ నానమ్మా" అని చక్కాపోతాడు.

మా రోజుల్లో ఆస్పత్రికి వెళ్తే కాంపౌండరు మాత్రల్ని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాడు. నీళ్లమందయితే సీసా మనమే పట్టుకెళ్లాలి. ఆ సీసాకి కాగితం ముక్కని గాట్లు గాట్లుగా కత్తిరించి అంటించేవాడు. ఒక గాటు ఒక మోతాదు. చదువు రానివాళ్లకీ తెలిసిపోయేది. ఇప్పుడేమో రేకు వెనక చీమకాళ్లంత అక్షరాలు, అవీ ఇంగ్లీషులో.

నాకు డెబ్బై ఒకటి. ఈ జబ్బుతో కాపరం మొదలై పంతొమ్మిదేళ్లు. మా ఆయనతో చేసిన కాపరంలో కూడా ఇన్ని అలకలు లేవు.

"మోకాళ్లు అరిగిపోయాయా పిన్నిగారూ?" అని అడుగుతుంది పక్క ఫ్లాటావిడ, లిఫ్టులో కనిపించినప్పుడల్లా. అరగడం కాదమ్మా అని పంతొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాను. వయసు మీదపడి కీలు అరిగేది ఒక రకం. ఒంటిని కాపాడాల్సిన కాపలావాడే కర్ర తిరగేసి మన కీళ్ల మీద పడేది ఇంకో రకం. నాది రెండోది, రుమటాయిడ్ అంటారు. అరిగిన కీలు నడిస్తే నొప్పి, కూర్చుంటే హాయి. పొద్దున్నే కాస్త పట్టేసినా అరగంటలో వదులుతుంది. మాది దానికి తలకిందులు. రాత్రంతా విశ్రాంతి తీసుకుని లేస్తేనే బిగుసుకుపోతుంది. గంటైనా వదలదు. అదీ ఒక చేతికి వచ్చి ఊరుకోదు, ఆడపడుచు కట్నంలా రెండో చేతికీ సమానంగా ముట్టాల్సిందే.

పొద్దున్నే నా మొదటి పూజ వేడినీళ్ల తపేలాకి. రెండు చేతులూ అందులో పెట్టుకుని కూర్చుంటాను. రేడియోలో సుప్రభాతం అయ్యేసరికి గుప్పిట సగం మూసుకుంటుంది. కాఫీ గ్లాసుని ఒంటిచేత్తో పట్టుకోవడం ఎప్పుడో మానేశాను. తీర్థం పుచ్చుకున్నట్టు రెండు అరచేతులతోనే. జాకెట్టు హుక్కులు పెట్టుకోగలిగానంటే ఆ రోజు బాగున్నట్టు. ఆవకాయ జాడీ మూత తిరిగిందంటే ఇక పండగే.

ఈ పండగ రోజులతోనే వచ్చింది చిక్కంతా. ఒళ్లు తేలిగ్గా ఉందనగానే ఆశ పుడుతుంది. కందిపొడి కొట్టేద్దాం, అలమర సర్దేద్దాం, మనవడికి సున్నుండలు చుట్టేద్దాం అని. అన్నీ చేసేస్తాను. అప్పు చేసి పెళ్లి చేసినట్టే. మర్నాడు పొద్దున్నే నొప్పి వడ్డీతో సహా వసూలుకి గుమ్మంలో కూర్చుంటుంది. రెండు రోజులు మంచం. అప్పుడు మా అబ్బాయి గుమ్మంలో నిలబడి అంటాడు కదా, "అదేంటమ్మా, నిన్న బాగానే ఉన్నావుగా!"

ఆ మాటొకటి చాలు, నొప్పి పోయి కోపం రావడానికి. జ్వరమైతే కాలి చూపిస్తుంది. ఎముక విరిగితే కట్టు కనిపిస్తుంది. ఈ జబ్బు నిన్న లేదు, ఇవాళ ఉంది, రేపు ఏమంటుందో తెలీదు. బాగున్న రోజు చూసినవాళ్లు బాగోలేని రోజుని నమ్మరు. బాగోలేని రోజు చూసినవాళ్లు బాగున్న రోజున పనికి లేస్తే, "ఎందుకొచ్చిన హడావిడి, పడుకోకూడదా" అంటారు. పడుకుంటే ఇంకా బిగుసుకుపోతాను నాయనా అంటే వినరు. కదలాలి, అతిగా కదలకూడదు. ఇంత సన్నటి గట్టు మీద నడవడం మా గోదావరి జిల్లా చేల మధ్య నేర్చుకున్నాను గనక సరిపోయింది.

మా ఊరు భీమవరానికి ఆరేడు మైళ్లు. మా అమ్మకీ ఇదే జబ్బని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఎవరికీ తెలీదు. ఆవిడ వేళ్లు నాలుగూ చిటికెనవేలి వైపుకి వాలిపోయి ఉండేవి, గాలివానకి ఒక పక్కకి ఒరిగిన వరిచేనులా. దానికి ఊళ్లో ఒకటే పేరు, వాతం. కారణాలు మాత్రం మనిషికొకటి. చన్నీళ్లలో చేతులు నానీ నానీ అని ఒకావిడ. బాలింతగా ఉన్నప్పుడు పథ్యం చెయ్యలేదని ఇంకొకావిడ. శని పట్టిందని పంతులుగారు. అమ్మ వంకాయ మానేసింది, చింతపండు మానేసింది, శనగపప్పు మానేసింది. పప్పు రుబ్బడం మాత్రం ఎవరూ మానమనలేదు.

వైద్యమంటే వావిలాకు మరగబెట్టిన నీళ్లు, ఉప్పు మూట కాపడం, ఆముదం రాసి జిల్లేడాకు కట్టడం. దేవుడి గూట్లో అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందు అది. మా ఇంట్లో దానికి కుంకం భరిణె పక్కన చోటు. కాపడం పెడితే ఆ పూటకి హాయి. నేనిప్పటికీ పెట్టుకుంటాను. హాయి వేరు, జబ్బుని ఆపడం వేరు. ఈ తేడా తెలిసేసరికి నాకు యాభై ఏళ్లు దాటాయి.

తరవాత సంతలో పొట్లాల మందు ఇచ్చే మనిషి ఒకడు తగిలాడు. నాలుగోరోజుకి అమ్మ తనే బిందె ఎత్తుకుని చెరువుకెళ్లింది. ఊరంతా నోరెళ్లబెట్టింది. ఏడాది తిరిగేసరికి మొహం గుండ్రంగా ఉబ్బింది. "ఒళ్లు చేశావే" అని మెచ్చుకున్నారు కూడాను. పొట్లాల మనిషి రావడం మానేసిన నెలకి అమ్మ మంచం పట్టింది. ఆ పొడిలో కలిపింది స్టెరాయిడే అయ్యుంటుందని కథంతా విని మా డాక్టరమ్మ అంది. స్టెరాయిడ్ పాపిష్టిదేం కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు ఈ జబ్బుకి మొదటిసారి దాన్ని ఇస్తే, కదల్లేని మనిషి రోజుల్లో లేచి నడిచింది. 1950లో నోబెల్ బహుమానం వచ్చింది. వాపు ఎక్కువైనప్పుడు నాకూ ఇస్తారు. కొద్ది రోజులు, లెక్కగట్టి, మెల్లగా తగ్గిస్తూ మానిపిస్తారు. అమ్మకి లెక్కా లేదు, ఇస్తున్నదేమిటో చెప్పినవాడూ లేడు. "మా రోజుల్లో" అని ఊపుగా మొదలెట్టి ఇక్కడికొచ్చేసరికి నా గొంతు కాస్త తగ్గుతుంది.

అందుకే కొన్ని కొత్త వస్తువుల్ని తిట్టుకుంటూనే వాడుకుంటున్నాను. కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి వచ్చినప్పుడు మొహం చిట్లించాను. ఇప్పుడది లేని చుట్టాలింటికి వెళ్లను. ముంజేత్తో తోస్తే తిరిగే కుళాయి పెట్టించాడు మా అబ్బాయి. కూరలు కోసే చాకు పిడికి పాత తువ్వాలు చుట్టి లావు చేసుకున్నాను. పట్టు లావుగా ఉంటే వేళ్ల మీద బరువు తక్కువ. బాగున్న రోజున కూడా తలపెట్టిన పనిలో సగమే చెయ్యాలని ఒట్టు పెట్టుకున్నాను. నెలకి మూడుసార్లు ఆ ఒట్టు తప్పుతాను.

ఇక శనివారం సంగతి. నా అసలు మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని మరిచిపోని వారం చూసుకున్నాను. శనివారం ఏడుకొండలవాడి ఒక్కపొద్దు, నా మాత్రల పొద్దు. కేలెండరులో ఎర్ర సున్నాలు చుట్టి పెట్టాను. ఆదివారం నోరు చేదుగా, కడుపులో తిప్పినట్టు ఉంటుంది. సరిగ్గా ఆ రోజే మావాళ్లకి సెలవు. అందరం హోటల్లో బిర్యానీ తిందామంటారు. "నిన్న ఒక్కపొద్దున్నావుగా, ఆకలేస్తుంటుంది" అంటుంది కోడలు, పాపం ప్రేమగానే.

ఈ మందు కథ తెలిసినప్పుడు నాకు రెండు రోజులు నిద్రపట్టలేదు. 1895లో మా భీమవరంలోనే పుట్టి, 1922లో అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. ఆ తరవాత దాన్ని పోలిన మందులు చేసింది. ఫోలిక్ యాసిడ్ వేషం కట్టుకుని ఒంట్లో దూరి, దాని పని జరగనివ్వని పగటివేషగాళ్లన్నమాట. మెథోట్రెక్సేట్ ఆ వంశంలోదే. ముందు పిల్లల రక్తకేన్సరుకి వాడారు. వేషగాడి అల్లరి మితిమీరకుండా మాకు విడి రోజుల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. మందూ ఆ ఇంటిదే, విరుగుడూ ఆ ఇంటిదే. సుబ్బారావుగారు 1948లో పోయారు. ఆ మందుని కీళ్లవాతానికి వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. మా అమ్మ 1981లో పోయింది. ఆరేడు మైళ్ల అవతల పుట్టినాయన పుణ్యమాని వచ్చిన మాత్ర ప్రపంచమంతా తిరిగి మా ఇంటికి చేరేసరికి, వేసుకోవాల్సిన చెయ్యి లేదు.

ఇప్పుడు మందు ఉంది, పరీక్షలున్నాయి, లివరు బాగుందో లేదో చూడటానికి రక్తం తీసేవాడు ఇంటికే వస్తాడు. అయినా మనుషుల తీరు మారలేదు. 2020 మార్చిలో కరోనాకి పనిచేస్తుందని ఎవరో అనగానే, నేను వాడే రెండో మందు హైడ్రాక్సీ క్లోరోక్విన్ కోసం జనం ఎగబడ్డారు. మా వీధిలో మందుల కొట్టతను, "స్టాకు లేదమ్మా, అందరూ ముందుజాగ్రత్తకి కొనేశారు" అన్నాడు. జబ్బు లేనివాళ్ల బీరువాల్లో నా మందు, జబ్బున్న నా చేతిలో ఖాళీ సంచి. ఆ కొన్నవాళ్లే ఇప్పుడు వాట్సాప్‌లో నాకు వెల్లుల్లి పాలు, మెంతిపొడి పంపిస్తుంటారు. బొమ్మలో తప్ప ఒక్క గ్లాసైనా తెచ్చిచ్చిన పాపాన పోలేదు.

అందర్నీ ఇన్ని అన్నాక నా సంగతీ చెప్పాలి. నాకు పన్నెండేళ్లప్పటి సంక్రాంతి. భోగి ముందు రోజు అమ్మ అరిసెల పిండి దంపింది. మర్నాడు తలంటు అయ్యాక, జడ వెయ్యమని జుట్టు విరబోసుకుని ఆవిడ ముందు కూర్చున్నాను. దువ్వెన చేతిలోంచి జారింది. తీసింది. మళ్లీ జారింది. వీధిలో నా ఈడు పిల్లలంతా గొబ్బెమ్మల దగ్గరికి వెళ్లిపోతున్నారు. నాకు తిక్కపుట్టింది.

"నిన్న పిండి బాగానే దంపావుగా!" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. దువ్వెన నా చేతికిచ్చి, పక్కింటి పిన్నిని కేకేసింది.

మొన్న శనివారం మా మనవడు రేకు నొక్కుతూ, "పోయినవారం నువ్వే తీసుకున్నావుగా నానమ్మా" అన్నాడు. నోటిదాకా వచ్చిన తిట్టుని మింగేశాను.

"అవి పోయినవారం వేళ్లు నాన్నా" అన్నాను.

వాడు రేకు పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూస్తే కనిపించేదేమీ లేదు. అయినా "ఊఁ" అని, ఆరు మాత్రలూ లెక్కపెట్టి నా అరచేతిలో పోశాడు. ఈసారి "ఈజీ" అనలేదు.

వీడి వరకూ ఫరవాలేదు. ఆ రేకు అంటించినవాణ్ణి మాత్రం నేను వదలను.