జవానును ఆయుధంగా గుర్తించండి మహాప్రభో!

రక్షణ శాఖ వారికి ఓ విన్నపం. ఇకమీదట జవానును మనిషిగా లెక్కేయడం మానేయండి. ఫిరంగి అనో, రాడార్ అనో, అంత సీను లేదనుకుంటే కనీసం జీపు అనో రికార్డుల్లో రాసుకోండి. అప్పుడుగానీ అతని బతుకు గట్టెక్కేలా లేదు.

ఎకసెక్కం అనుకునేరు. పద్దులు చూసే మాట్లాడుతున్నాను. 2025-26 బడ్జెట్లో రక్షణ శాఖకు ఇచ్చింది 6.81 లక్షల కోట్లు. అందులో విమానాలు, ఓడలు, తుపాకులు కొనే మూలధన పద్దు 1.80 లక్షల కోట్లు, పెన్షన్ల పద్దు 1.60 లక్షల కోట్లు. టీవీ చర్చల్లో కూర్చునే నిపుణులు మూలధనం అంకె దగ్గర ఛాతీ విరిచి ‘ఆధునికీకరణ’ అంటారు. పెన్షన్ల అంకె దగ్గరికి రాగానే గొంతు తగ్గించి ‘భారం’ అంటారు, ఇంట్లో ముసలాయన మందుల ఖర్చు గురించి పక్కగదిలో మాట్లాడుకున్నట్టు. మనిషి తీరు మార్చడం ఎలాగూ మన చేతిలో లేదు గనక, పద్దు మార్చమంటున్నాను. జవానును పెన్షన్ల పద్దులోంచి తీసి మూలధనం పద్దులో పడేయండి. ఆయుధాల వరసలో నిలబడితే దక్కే మర్యాదలు మామూలువి కావు.

తేజస్‌నే చూడండి. ఆ యుద్ధ విమానం ప్రాజెక్టు మంజూరైంది 1983లో. ఎన్టీఆర్ తొలిసారి ముఖ్యమంత్రి అయిన ఏడాది, కపిల్ దేవ్ ప్రపంచ కప్పు ఎత్తిన ఏడాది. 2021 ఫిబ్రవరిలో 83 మార్క్-1ఎ విమానాల కోసం తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌తో సుమారు 48 వేల కోట్ల ఒప్పందం కుదిరింది. 2024 మార్చి నుంచి విమానాలు అందాలి. మార్చి వచ్చింది, వెళ్లింది. అమెరికా నుంచి ఇంజన్లు రాలేదన్నారు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియాలో సాక్షాత్తూ వైమానిక దళాధిపతే, కెమెరాలు తిరుగుతుండగా, మీ మీద నాకు నమ్మకం లేదని హెచ్‌ఏఎల్ వాళ్ల మొహం మీదే అనేశారు. అయితే ఏమైంది? అదే ఏడాది సెప్టెంబరులో మరో 97 విమానాలకు 62 వేల కోట్ల పైచిలుకు ఒప్పందం రాసుకున్నారు.

తేజస్ మీద నాకేం కోపం లేదు. సొంతంగా యుద్ధ విమానం తయారు చేసుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు, ఓపిక పట్టాల్సిందే. నలభై ఏళ్లకు పైగా పట్టిన ఆ ఓపికలో వీసమెత్తు తీసి జవాను మోకాలి మీద చూపించమనే నా గోల.

ఆ మోకాలి సంగతి చెప్పాలి. కుర్రాణ్ని చేర్చుకునేటప్పుడు ఛాతీ కొలుస్తారు, పళ్లు లెక్కపెడతారు, పాదం చదునుగా ఉంటే ఇంటికి పొమ్మంటారు. అన్నీ చూసి, నిఖార్సయిన సరుకని ముద్ర వేశాకే లోపలికి రానిస్తారు. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత అదే మనిషి అరిగిన మోకాలితోనో, రక్తపోటుతోనో, నిద్ర పట్టని మనసుతోనో మెడికల్ బోర్డు ముందుకొస్తాడు. బోర్డు అటు చూసి, ఇటు చూసి ఒక వాక్యం రాస్తుంది: ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు. మరెలా వచ్చిందయ్యా అంటే, పుట్టుకతోనే ఒంట్లో ఉందంటారు, వంశంలో ఉందంటారు, జీవనశైలి అంటారు. గడ్డకట్టే చలిలో, భార్యాబిడ్డలకు వెయ్యి మైళ్ల దూరంలో, రాత్రంతా తుపాకీ పట్టుకుని నిలబడడం కూడా ఒక జీవనశైలే కాబోలు! టి-72 ట్యాంకు గొలుసు అరిగిపోతే వాళ్ల నాన్నకూ ఇలాగే అరిగిందా అని ఎవరైనా అడిగారా?

సుప్రీంకోర్టు 2013లోనే ధరమ్‌వీర్ సింగ్ కేసులో విషయం తేల్చేసింది. చేరేనాటి రికార్డులో జబ్బు రాయకపోతే, తర్వాత వచ్చినదాన్ని సర్వీసు వల్ల వచ్చినట్టే భావించాలి, కాదని రుజువు చేసే బాధ్యత సర్కారుదే అంది. 2014లో రామ్ అవతార్ కేసులో వైకల్య పెన్షన్ మీద కేంద్రం వేసిన వందలాది అప్పీళ్లను ఒకే దెబ్బకు కొట్టేసింది. మన సైనికుల మీద మనమే ఇన్ని కేసులేమిటని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ 2015లో నిపుణుల కమిటీ కూడా వేశారు. పదేళ్లు గడిచాయి. 2025లోనూ ఢిల్లీ హైకోర్టు అదే పాఠం మళ్లీ చెప్పాల్సి వచ్చింది: యుద్ధం లేని చోట డ్యూటీలో ఉండగా జబ్బు వచ్చిందన్న ఒక్క సాకుతో పెన్షన్ ఎగ్గొట్టకూడదని. మన రెండు రాష్ట్రాల జవాన్లకు సాయుధ దళాల ట్రిబ్యునల్ అంటే చెన్నై బెంచే. అక్కడ గెలిస్తే, అవతలివాళ్లు పై కోర్టుకు. పాకిస్తాన్‌తో నాలుగు యుద్ధాలు చేశాం, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు ముగిశాయి. మోకాలి మీద యుద్ధానికి మాత్రం కాల్పుల విరమణ లేదు. సర్కారు తరఫు వకీళ్ల ఫీజును కూడా రక్షణ ఖర్చు కిందే రాసుకోవచ్చు మరి, దేన్నుంచి రక్షణో తెలియదుగానీ.

ఆయుధంగా ఉంటే ఇంకో లాభం, పై తొడుగు దొరుకుతుంది. ఫిరంగికి టార్పాలిన్ కప్పకుండా ఎవరూ వదలరు. మంచుకొండల్లోని జవాన్ల సరంజామా మీద కాగ్ ఇచ్చిన నివేదిక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉందట. కొత్త బూట్లు రాక పాతవే బాగుచేసి తొడుక్కున్నారట. ఇవ్వాల్సిన తిండి పదార్థాలకు బదులు వేరేవి ఇవ్వడంతో కొన్ని సందర్భాల్లో అందాల్సిన కేలరీల్లో 82 శాతం దాకా కోత పడిందట. అవి పాత ఏళ్ల లెక్కలు, తర్వాత సర్దుకున్నామని సర్కారు జవాబు. మంచిదే.

ఇక నవంబరు నెల. పెన్షనర్లు తాము బతికే ఉన్నామని రుజువు చూపించే పుణ్యమాసం. మా కాలనీ మీ-సేవలో ఓ రిటైర్డ్ హవల్దారు వేలిముద్ర యంత్రం ముందు కూర్చున్నాడు. ఎర్ర లైటు వెలిగింది. చొక్కాకు వేలు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్ర లైటే.

“రావట్లేదు బాబాయ్” అన్నాడు కంప్యూటరు కుర్రాడు.

“నేనే వచ్చాను కదయ్యా, ఇంకా ఏం రావాలి?”

కుర్రాడు కాస్త కొబ్బరినూనె రాయమన్నాడు. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, బొటనవేలు, చూపుడువేలు అన్నీ అయ్యాయి. చివరికి ఉంగరపు వేలు ఆయన బతికున్నట్టు సాక్ష్యం చెప్పింది. హవల్దారు అదృష్టవంతుడు. 2022 ఏప్రిల్ నెల పెన్షన్ రక్షణ శాఖ వారి ‘స్పర్శ్’ పోర్టల్లోకి మారిన 58 వేల మందికి పైగా ఖాతాల్లో పడలేదు, బతికున్న రుజువు అందలేదని. గగ్గోలు పుట్టాక మే 4న వేశారు. ఆయుధాగారంలో మూలనపడ్డ రైఫిల్‌ని ఏటా నవంబరులో లేపి ఉన్నావా, పోయావా అని ఎవరూ అడగరు. అడక్కుండానే నూనె పెడతారు.

డబ్బుల్లేక ఇదంతా అనుకుంటే పొరపాటు. 2024-25లో మూలధన పద్దుకు 1.72 లక్షల కోట్లు కేటాయించి, సవరించిన అంచనాల్లో దాన్ని 1.595 లక్షల కోట్లకు దించారు. అంటే 12,500 కోట్లు పెట్టలేక మిగిలినట్టు. మాజీ సైనికుల వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ పద్దు కింద 2025-26లో ఇచ్చిన మొత్తమే 8,317 కోట్లు. రెఫరల్ చీటీ పట్టుకుని వెళ్తే, పాత బిల్లులు రాలేదు, చేర్చుకోలేమని ప్రైవేటు ఆస్పత్రి గుమాస్తా చెప్పిన అనుభవం ఏ రిటైర్డ్ సుబేదారును కదిపినా వినిపిస్తుంది.

ఈ మధ్య అద్దె పద్ధతి కూడా వచ్చింది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్: నాలుగేళ్ల కాంట్రాక్టు, గడువు తీరాక నూటికి పాతిక మంది దాకా ఉంచుకుని మిగతావాళ్లను 11.71 లక్షల సేవానిధితో సాగనంపడం. గ్రాట్యుటీ లేదు, పెన్షన్ లేదు. ఆనాడు సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, ఓ కుర్రాడి ప్రాణం పోయింది. పెన్షన్ భారం తగ్గించుకునే ఉపాయమని సర్కారులో పైకి ఎవరూ అనలేదు, సైన్యాన్ని యవ్వనంతో నింపడమన్నారు. 2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీరుడు సరిహద్దులో నేలకొరిగాడు. అతని పక్కన అదే తుపాకీ కాల్పుల్లో రెగ్యులర్ సిపాయి పోయి ఉంటే ఆ ఇంటికి నెలనెలా కుటుంబ పెన్షన్ వెళ్లేది. అగ్నివీరుడి ఇంటికి బీమా, పరిహారం ఒక్కసారి వెళ్తాయి, అంతే. నా ఆయుధాల పరాచికానికి ఇక్కడ మాత్రం నోరు పెగలదు. 2022 చివర్లో చేరిన మొదటి జట్లకు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతున్నాయి. ఇప్పటికైనా ఆ ఒక్క తేడా చెరిపేస్తే ఖజానా మునిగిపోదు.

విన్నపం వింతగా ఉందనుకుంటే అధికారులు ఒకసారి విశాఖ వచ్చి చూసుకోవచ్చు. ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి 2001లో రిటైరైంది. మరుసటి ఏడాదే బీచ్ ఒడ్డున మ్యూజియం అయింది. దర్జాగా కాళ్లు నేలకు ఆనకుండా దిమ్మెల మీద పడుకుని, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రంగులు వేయించుకుంటూ, టికెట్టు పెట్టి మరీ దర్శనమిస్తోంది. లోపల టార్పెడోల గొట్టాలు చూపించి కథ చెప్పేది రిటైర్డ్ నావికులే. రోజంతా నిలబడి చెప్పాలి. కాబట్టి ఈసారి కుర్సురా మరమ్మతులకు టెండరు పిలిచేటప్పుడు చివర్లో మూడు మాటలు చేర్చండి: గైడు మోకాళ్లతో సహా.